మళ్లీ మళ్లీ అదే శోధనలో పడిపోతుంటే ఏం చేయాలి?

శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన అయ్యాక, టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్తుంటే ఎవరో ఒకరు నా వెనకే వస్తారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, ఎంత ప్రార్థన చేసినా మళ్లీ అదే పాపంలో పడిపోతున్నాను. అసలు నేను దేవుని బిడ్డనేనా?" అని అడుగుతారు. బెంగళూరు రామమూర్తినగర్‌లో మేం ఈ గృహ ప్రార్థన మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. నెల్లూరు, ఒంగోలు, కర్నూలు, ఖమ్మం నుంచి ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు వస్తుంటారు, కొన్నాళ్లకు వేరే ఊరు వెళ్లిపోతుంటారు. మనుషులు మారినా ఈ ప్రశ్న మాత్రం మారలేదు. వంటింటి గుమ్మంలో పది నిమిషాల్లో చెప్పేది ఎవరికీ సరిపోవడం లేదు. అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. శోధనతో, అంటే పాపం వైపు లాగే కోరికతో, పోరాటం మనం అది మీద పడ్డాక మొదలుపెడతాం. రాత్రి పదకొండున్నరకు, ఒళ్లు అలిసిపోయి, గదిలో ఒంటరిగా, చేతిలో ఫోన్ వెలుగుతున్నప్పుడు "ప్రభువా, బలమివ్వు" అంటాం. అప్పటికే సగం ఓడిపోయి ఉంటాం. దావీదు పడిపోయిన అధ్యాయం, 2 సమూయేలు 11, ఎలా మొదలవుతుందో చూడండి. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం. సైన్యం వెళ్లింది, దావీదు మాత్రం యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరుగుతున్నాడు. ఇంకొకరి భార్య బత్షెబ కనబడింది ఆ తర్వాత. ఆయన ఉండాల్సిన చోట లేకపోవడంతోనే ఆ కథ మొదలైందని నేను చదువుకుంటాను. మన కథలూ అంతే. కాబట్టి కింద చెప్పే మెట్లలో ఎక్కువ భాగం శోధన రాకముందు చేయాల్సినవే.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్‌లో నోట్స్ యాప్ వద్దు. చాలామందికి శోధన ఉండేది ఆ ఫోన్‌లోనే, మళ్లీ దాన్నే తెరవమనడం ఎందుకు?

అచ్చు బైబిలు. యాప్‌లో చదివే అలవాటు ఉన్నా సరే, ఈ ఆరు వారాలు కాగితం మీదే చదవండి.

అలారం గడియారం. రెండు మూడు వందలకు దొరుకుతుంది. "అలారం కోసం ఫోన్ తలగడ దగ్గర పెట్టుకున్నా" అనే సాకు దీంతో పోతుంది.

నమ్మకమైన మనిషి ఒకరు. మీరు మగవాళ్లయితే మగవాళ్లు, ఆడవాళ్లయితే ఆడవాళ్లు. విశ్వాసంలో మీకంటే నాలుగడుగులు ముందున్నవాళ్లయితే మేలు.

ఆరు వారాల సమయం. మూడు రోజుల ఉపవాసంతో అంతా అయిపోవాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి నచ్చదు.

1. దానికి పేరు పెట్టండి

నోటుబుక్కు మొదటి పేజీలో మీ శోధన పేరు రాయండి. "నా బలహీనత", "ఆ విషయం", "కొంచెం ఆత్మీయంగా డౌన్ అయ్యాను" ఇలా రాయకండి. "అశ్లీల వీడియోలు" అని రాయండి. "శుక్రవారం తాగుడు" అని రాయండి. "డబ్బు పెట్టి ఆడే రమ్మీ", "ఆఫీసులో పెళ్లయిన అతనితో చాటింగ్", "లేని అనుభవంతో ఉద్యోగం తెచ్చుకోవాలన్న ఆలోచన", "అత్తగారి గురించి చెల్లితో గంటలు గంటలు మాట్లాడటం" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆగినా రాయండి.

ఒక్కటే రాయండి. నాలుగైదు ఉంటే అన్నిటికంటే ఎక్కువగా మీ మనశ్శాంతిని తినేస్తున్నది ఏదో అది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. శోధన రావడమే పాపం అనుకుంటారు. చెడ్డ ఆలోచన తలుపు తట్టగానే "నేను ఎంత చెడ్డవాణ్ణి" అని కుంగిపోతారు, ఆ కుంగుబాటులోనే పడిపోతారు. హెబ్రీయులకు 4:15 చదవండి. యేసు ప్రభువు కూడా మనలాగే సమస్త విషయాల్లో శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడు. శోధన రావడం వేరు, దానికి లోబడటం వేరు. యాకోబు 1:14, 15 వచనాల్లో ఆ వరస స్పష్టంగా ఉంది: దురాశ ఈడుస్తుంది, మరులు కొలుపుతుంది, గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది, ఆ పాపం పండి మరణాన్ని కంటుంది. ఈడ్చే దగ్గరే మనం లేచి వెళ్లిపోవడం నేర్చుకోవాలి.

2. ఒక వారం పాటు కనిపెట్టి చూడండి

ఈ వారం మానేయడానికి మీ ప్రయత్నం మీరు చేస్తూనే, శోధన వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరున్నారు, దానికి ముందు ఏం జరిగింది. చివర్లో, లొంగకపోతే టిక్కు, లొంగితే ఇంటూ. అంతే.

మారతహళ్లిలో పీజీలో ఉండే ఒక తమ్ముడు తన పేజీ నాకు చూపించాడు. అతని అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను.

సోమ – రాలేదు.
మంగళ – 11.40 రాత్రి, గది, ఒక్కణ్ణే, మేనేజర్ కాల్‌లో అందరి ముందు తిట్టాడు. ఇంటూ.
బుధ – రాలేదు. రూమ్మేట్‌తో షటిల్ ఆడి పడుకున్నా.
గురు – 11.20 రాత్రి, గది, ఒక్కణ్ణే, తిండి తినలేదు. టిక్కు.
శుక్ర – 1.00 రాత్రి, గది, రూమ్మేట్ ఊరెళ్లాడు. ఇంటూ.

రెండేళ్లుగా ఆ అబ్బాయి "కామేచ్ఛ నుంచి విడుదల ఇవ్వు ప్రభువా" అని ప్రార్థన చేస్తున్నాడు. ఈ పేజీ చూశాక ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అతనికి శోధన వచ్చేది ఒంటరిగా ఉన్నప్పుడు, ఆఫీసులో అవమానం జరిగినప్పుడు, ఆకలితో ఉన్నప్పుడు. పదకొండు దాటాక. ఆ అవమానాన్ని ప్రభువు దగ్గరికి తీసుకెళ్లడం అతనికి తెలియలేదు, ఫోన్ దగ్గరికి తీసుకెళ్తున్నాడు. ఆ వారం నుంచి అతని ప్రార్థనే మారింది. "ప్రభువా, ఈరోజు నన్ను ఇలా అన్నారు, నాకు చాలా నొప్పిగా ఉంది" అని మొదలుపెట్టాడు.

మీ పేజీలోనూ ఇలాంటిదే ఒకటి బయటపడుతుంది. రెండు మూడుసార్లు తిరిగి వచ్చిన గంటనూ చోటునూ గీత గీసి పెట్టుకోండి. దావీదుకు ఆ మిద్దె ఎలాగో, మీకు అది అలాగ.

జాగ్రత్త: పాపం వివరాలు రాయకండి. ఏం చూశారు, ఏం అనుకున్నారు అన్నవి రాస్తే ఆ పేజీయే మళ్లీ శోధన అవుతుంది.

3. దారి మూసేయండి

నా సంగతి చెబుతాను. పెళ్లయిన కొత్తలో నాకు శుక్రవారం తాగే అలవాటు ఉండేది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగేవాణ్ణి. స్టాపు నుంచి ఇంటికి వెళ్లే దారిలో ఒక బారు. ప్రతి శుక్రవారం పొద్దున ప్రార్థన చేసుకుని, సాయంత్రం ఆ బారు ముందు నుంచి "ఈరోజు వెళ్లను" అనుకుంటూ నడిచేవాణ్ణి. వేయించిన పల్లీల వాసన, లోపల్నుంచి తెలుగులో మాటలు, నవ్వులు. మూడు వారాలు వెళ్లకుండా దాటితే నాలుగో వారం లోపల ఉండేవాణ్ణి. మా సంఘంలో ఒక పెద్దాయన అంతా విని ఒకే ప్రశ్న వేశారు: "నాయనా, ఆ స్టాపులోనే ఎందుకు దిగుతున్నావు?" తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిస్తే పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. అన్నేళ్లలో నాకు ఆ ఆలోచనే రాలేదు. తర్వాతి శుక్రవారం నుంచి అక్కడే దిగాను. మొదటి నెల నడుస్తూ కీర్తనలు చెప్పుకునేవాణ్ణి. వర్షంలో కూడా.

రోమీయులకు 13:14లో పౌలు చెప్పింది ఇదే: శరీరేచ్ఛలు నెరవేర్చుకోవడానికి ముందస్తు ఏర్పాట్లు చేసి పెట్టవద్దని. మనం ఆ ఏర్పాట్లు తీయకుండా బలం కోసం అడుగుతాం. మీ శోధన ఏదైతే ఆ దారి ఇలా మూయండి.

ఫోన్ అయితే: రాత్రి పదికి ఫోన్‌ను గది బయట ఛార్జింగ్‌లో పెట్టండి. పీజీలో బయట పెట్టలేకపోతే బీరువాలో పెట్టి తాళం రూమ్మేట్‌కు ఇవ్వండి. ఫోన్ వాడకాన్ని అదుపులో పెట్టడానికి ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఉన్నాయి. స్క్రీన్ టైమ్ పాస్‌కోడ్ మీకు తెలియకుండా మీ నమ్మకమైన మనిషి చేత పెట్టించండి. మీకు తెలిస్తే అది తాళం కాదు. ఇంటి వైఫై మీదే అయితే రూటర్‌లో డీఎన్ఎస్ 1.1.1.3, 1.0.0.3 అని పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ ఉచితంగా ఇచ్చే ఫిల్టర్ ఇది, చాలావరకు అశ్లీల సైట్లు తెరుచుకోవు. మొబైల్ డేటా మీద మాత్రం ఇది పనిచేయదు, గుర్తుంచుకోండి.

డబ్బు ఆటలు అయితే: 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా గ్రూపుల్లో లింకులు వస్తూనే ఉంటాయి. ఆ గ్రూపుల నుంచి బయటికి రండి, యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి, జీతం పడిన రోజే ఇంటికి పంపాల్సినది పంపేయండి. అప్పుల యాప్‌లు తీసేయండి. ఇప్పటికే అప్పు ఉంటే ఇంట్లో ఒక్కరికైనా ఈ వారమే చెప్పండి. దాచిన కొద్దీ, ఆ అప్పు తీర్చడానికే ఇంకోసారి ఆడాలనిపిస్తుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అయితే: బెంగళూరుకు వచ్చిన మన తెలుగు పిల్లలను ఎక్కువగా నలిపేసే శోధన ఇది, సంఘంలో దీని గురించి మాట్లాడటం తక్కువ. ఆరు నెలలుగా ఉద్యోగం లేదు, ఊళ్లో నాన్న అప్పు తెచ్చి కోర్సు చేయించాడు, రూమ్మేట్ మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితం కొనుక్కుని ఉద్యోగంలో చేరిపోయాడు. "అందరూ చేస్తున్నదే బ్రదర్" అంటారు. ఈ బాధ నాకు తెలుసు, తేలిగ్గా చెప్పడం లేదు. కానీ ఆ కాగితంతో చేరినవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఎలా వణికిపోతారో కూడా చూశాను. ఆ కన్సల్టెన్సీ నంబరు ఫోన్‌లోంచి తీసేయండి. ఖాళీగా గడిచిన కాలాన్ని ఇంటర్వ్యూలో నిజాయితీగా ఎలా చెప్పాలో సంఘంలో హెచ్‌ఆర్ పని చేసేవాళ్లను అడగండి. ఈ కాలంలో అద్దెకు, తిండికి సంఘం సాయం అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు.

ఒక మనిషి అయితే: చాట్ తీసేయండి. ఆఫీసు పని తప్ప మాట్లాడకండి, పని కూడా నలుగురిలో. "స్నేహంగా ముగిద్దాం" అని చివరిసారి ఒంటరిగా కలవడానికి వెళ్లకండి. అలా వెళ్లిన ఆ ఒక్క సాయంత్రమే మళ్లీ మొదటికి తెచ్చింది చాలామందిని.

వేరే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఎవరైనా మిమ్మల్ని బలవంతం చేస్తుంటే, బెదిరిస్తుంటే, అది మీ శోధన కాదు, మీ పాపమూ కాదు. అది వాళ్ల నేరం. ప్రార్థనతో ఓర్చుకుని కూర్చోకండి. ఆఫీసులో అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి చెప్పండి, అవసరమైతే 112కు ఫోన్ చేయండి.

4. ఒక్కరికి చెప్పండి

అన్ని మెట్లలోకీ కష్టమైనది ఇదే. దీన్ని దాటేసి మిగతావన్నీ చేసినవాళ్లు తిరిగి నా దగ్గరికే వచ్చారు. యాకోబు 5:16 మీ పాపాలను ఒకనితో ఒకడు ఒప్పుకొని ఒకని కోసం ఒకడు ప్రార్థన చేయమంటుంది. మనం రెండో సగం మాత్రం చేస్తాం. "నా కోసం ప్రార్థన చేయండి బ్రదర్, కొన్ని సమస్యలు" అని ఊరుకుంటాం.

ఎలా చెప్పాలో తెలియకపోతే ఇంతే చెప్పండి: "అన్నా, నాకు ఒక పాపం ఉంది. దాని పేరు ఇది. ఇంతకాలంగా ఉంది. చివరిసారి ఫలానా రోజు పడ్డాను. వారానికోసారి మీరు నన్ను అడగాలి." అక్కతో అయినా ఇదే. వినేవాళ్లు ఎవరో ముందే చూసుకోండి. మీ మాట మూడో మనిషికి చేరుస్తారన్న అనుమానం రవ్వంత ఉన్నా చెప్పకండి. వాట్సాప్ ప్రార్థనా గ్రూపులో పెట్టకండి. సాక్ష్యం పేరుతో స్టేజీ మీద చెప్పడానికి ఇది సమయం కాదు. పెళ్లయినవాళ్లు భార్యకో భర్తకో చెప్పాల్సి వస్తుంది, కానీ మొదట పాస్టర్ గారితోనో పెద్దవాళ్లతోనో మాట్లాడి, ఎలా చెప్పాలో ఆలోచించుకుని చెప్పండి.

బెంగళూరులో ఎవరూ లేరంటారా? ఊళ్లో మీ సంఘ కాపరికి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేయండి. మీరు ఈ ఊరు వచ్చి ఏడాది దాటినా ఏ సంఘంలోనూ స్థిరపడకుండా వారానికో చోట ఆరాధనకు వెళ్తుంటే, ఆ తిరగడం ఈ ఆరు వారాలు ఆపండి. ఒకచోటే వెళ్లండి. మీరు రాకపోతే "ఏమ్మా రాలేదు?" అని అడిగే మనిషి ఉన్న చోటు అయితే చాలు, పాటలు బాగుండకపోయినా.

వినేవాళ్లకు ఒక మాట: మీకు ఎవరైనా ఇలా చెప్పుకుంటే ప్రసంగం మొదలుపెట్టకండి. గలతీయులకు 6:1 సాత్వికంతో మంచి దారికి తీసుకురమ్మంటుంది, నీవూ శోధింపబడతావేమో చూసుకోమంటుంది. వినండి, ప్రార్థన చేయండి, వచ్చే వారం అడగడం మరచిపోకండి.

5. వాక్యాన్ని ముందే నోటికి నేర్చుకోండి

మత్తయి 4లో యేసు ప్రభువు అపవాదికి మూడుసార్లు జవాబిచ్చాడు. మూడూ ద్వితీయోపదేశకాండం లోనివే: 8:3, 6:16, 6:13. నలభై రోజుల ఆకలి మీద ఉన్నప్పుడు గ్రంథపు చుట్ట తెరిచి వెతకలేదు. లోపల ఉన్నవి బయటికి వచ్చాయి. అక్కడే అపవాది కూడా 91వ కీర్తన చెప్పాడని గమనించండి. వాక్యం సగం ముక్క తీసుకుని మన కోరికకు అతికించుకునే ప్రమాదం మనకూ ఉంది. అందుకే వచనం నేర్చుకునే ముందు ఆ అధ్యాయం మొత్తం ఒకసారి చదవండి.

మీ శోధనకు తగిన వచనం ఒకటే ఎంచుకోండి. చూపు విషయమైతే యోబు 31:1. జూదానికి సామెతలు 13:11. అబద్ధానికి సామెతలు 12:22. కోపానికి సామెతలు 15:1. చాడీలకు ఎఫెసీయులకు 4:29. డబ్బు దిగులుకు హెబ్రీయులకు 13:5, "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను." అన్నిటికీ పనికొచ్చేది 1 కొరింథీయులకు 10:13. తప్పించుకునే మార్గం దేవుడే కలుగజేస్తాడని అందులో ఉంది, ఆ మార్గం కోసం కళ్లు తెరిచి చూడాలి.

నేర్చుకునే పద్ధతి: వచనాన్ని చిన్న అట్టముక్క మీద చేత్తో రాయండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ వైపు పర్పుల్ లైన్‌లో వెళ్లేవాళ్లకు మెట్రోలో బోలెడు సమయం. స్టేషన్ నుంచి స్టేషన్‌కు ఒకసారి చదవండి, తర్వాతి స్టేషన్ వరకు చూడకుండా చెప్పుకోండి. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కూర్చునేవాళ్లకు రెండు రోజులు చాలు.

ఉదయం చదివేదానికి కూడా పెద్ద ప్రణాళిక వద్దు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలు, రోజుకు ఒకటి. అది అయ్యాక కీర్తనలు. నైట్ షిఫ్ట్ వాళ్లకు "ఉదయం" అంటే వాళ్లు నిద్ర లేచిన గంట. మధ్యాహ్నం మూడైనా సరే, అదే వాళ్ల ఉదయం.

6. ఆ నిమిషంలో

ఇన్ని చేసినా శోధన వస్తుంది. వచ్చినప్పుడు నాలుగు పనులు, ఇదే వరసలో.

లేచి నిలబడండి. పడుకుని పోరాడకండి.
వచనాన్ని పైకి, వినబడేలా చెప్పండి. మనసులో చెప్పుకుంటే ఆలోచన దాన్ని మింగేస్తుంది.
ఆ చోటు వదిలి వెళ్లండి. హాల్లోకైనా, వాచ్‌మన్ దగ్గరికైనా, మనుషులున్న చోటికి.
మీ మనిషికి ఫోన్ చేయండి. మాట్లాడలేకపోతే "ప్రార్థన" అని ఒక్క పదం పంపండి, వాళ్లకు అర్థమవుతుంది.

ఆదికాండం 39లో యోసేపు వాదించిన రోజులు ఉన్నాయి. యజమాని భార్య దినదినమూ అడుగుతూనే ఉంది, అతను కాదంటూనే ఉన్నాడు. కానీ ఆమె అతని వస్త్రం పట్టుకున్న రోజు వాదించలేదు. వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. పారిపోవడం పిరికితనం అనుకునేవాళ్లు ఈ అధ్యాయం నిదానంగా చదవండి. కోరిక కెరటం లాంటిది, ఎగసి విరుగుతుంది. అది విరిగేదాకా మీరు వేరే చోట ఉంటే చాలు.

చేయకూడనిది: "ఎంతవరకు తట్టుకోగలనో చూద్దాం" అని దగ్గరకు వెళ్లడం. మానేసి నెల అయింది కదా అని స్నేహితులతో కోరమంగళలో పబ్బుకు వెళ్లి, ఒక మూల జ్యూస్ తాగుతూ కూర్చుంటానన్న అబ్బాయిని ఆపలేకపోయాను. ఆ బాధ నాకింకా ఉంది.

7. ఖాళీ అయిన చోటు నింపండి

లూకా 11:24 నుంచి 26 వరకు చదవండి. అపవిత్రాత్మ వెళ్లిపోయిన ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది. వెళ్లిన ఆత్మ తనకంటే చెడ్డవైన మరి ఏడు ఆత్మలను వెంటబెట్టుకుని ఆ ఇంటికే తిరిగి వస్తుంది. ఊడ్చడం మాత్రమే చేస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే మాట అక్కర్లేదు.

ఎఫెసీయులకు 4:28లో పౌలు దొంగతో దొంగతనం మానమని చెప్పి ఆగలేదు. చేతులతో కష్టపడమన్నాడు, అక్కరలో ఉన్నవాళ్లకు ఇవ్వడానికి సంపాదించమన్నాడు. మీ నోటుబుక్కులో గీత గీసిన గంట ఉంది కదా, ఆ గంటకు వేరే పని పెట్టండి. రాత్రి పదకొండు మీ సమస్య అయితే పదిన్నరకు పడుకునేలా రోజును సర్దుకోండి. శుక్రవారం సాయంత్రం సమస్య అయితే శుక్రవారం ఒకరిని భోజనానికి పిలవండి. అన్నం, పప్పు, ఒక వేపుడు, అంతే. మారతహళ్లి పీజీల్లో ఇంటి భోజనం కోసం ముఖం వాచిపోయిన పిల్లలు ఎంతమందో! ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పండి, కుర్చీలు సర్దండి. ఆటల్లో చేరండి. కడుపు నిండా తిని సరిపడా నిద్రపోవడం కూడా ఆత్మీయమైన పనే. ప్రవక్త ఏలీయా చచ్చిపోవాలని కోరుకున్న రోజు దూత ముందు రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19).

8. పడిపోతే

ఆ గంటలోనే లేవండి. ఎంత త్వరగా తిరిగి వస్తారన్నదే అన్నిటికంటే ముఖ్యం. పడ్డాక మూడు రోజులు బైబిలు ముట్టకుండా, ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రాకుండా, "కాస్త బాగయ్యాక దేవుని దగ్గరికి వెళ్తా" అని ఉండటం వల్ల రెండోసారి పడటం మొదటిదానికంటే లోతుగా ఉంటుంది. 1 యోహాను 1:9 తెరిచి, పాపాన్ని పేరు పెట్టి ఒప్పుకోండి, క్షమించాడని నమ్మండి, మీ మనిషికి ఆ రోజే చెప్పండి. తర్వాత నోటుబుక్కులో ఆ నాలుగు సంగతులు రాయండి. ఏ దారి తెరిచి ఉందో చూసి అది మూయండి.

వేరేవాళ్లకు నష్టం చేసి ఉంటే ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు. దొంగ బిల్లుతో తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి, గాయపరిచిన మాటకు క్షమాపణ అడగాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"ఇక జన్మలో చేయను" అని ఒట్టు పెట్టుకోవడం. పేతురు కూడా అలాగే అన్నాడు, కోడి కూసేలోపు మూడుసార్లు యేసు ప్రభువును ఎరగనన్నాడు. "ఈరోజు" అని ప్రార్థన చేయండి.

ఉపవాసంతో దేవునితో బేరం పెట్టడం. ఉపవాసం మంచిదే, మేమూ చేస్తాం. కానీ నలభై రోజులు ఉపవాసం ఉండి, ఫోన్ తలగడ కిందే పెట్టుకున్నవాళ్లను చూశాను.

యూట్యూబ్ ప్రసంగాలు వినడాన్ని బైబిలు చదవడంగా లెక్కేసుకోవడం. రోజుకు మూడు ప్రసంగాలు వినే ఒక చెల్లి, మూడు నెలల్లో తన చేత్తో బైబిలు తెరవలేదని చెప్పి ఏడ్చింది.

కూటాల్లో కలిగిన ఉద్రేకాన్ని విడుదల అనుకోవడం. ఆ కన్నీళ్లు నిజమే కావచ్చు. సోమవారం సాయంత్రం ఏ స్టాపులో దిగుతారన్నది కూడా నిజమే.

ప్రార్థన ఒక్కటే చాలని డాక్టరు దగ్గరికి వెళ్లకపోవడం. దీని గురించి గట్టిగా చెబుతాను. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్‌లో వ్యసనాలకు ప్రత్యేక విభాగం ఉంది. ఫోన్, ఇంటర్నెట్ వదల్లేనివాళ్ల కోసం 2014 నుంచి అక్కడే షట్ క్లినిక్ నడుస్తోంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మందు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఎదుగుతున్నానని ఎలా తెలుస్తుంది?

ఆరో వారం చివర నోటుబుక్కు తీసి మొదటి వారాన్నీ ఆఖరి వారాన్నీ పక్కపక్కన పెట్టండి. ఎన్నిసార్లు పడ్డారన్నది ఒక్కటే చూడకండి. పడ్డాక లేవడానికి మొదట్లో ఎన్ని రోజులు పట్టింది, ఇప్పుడెంత? శోధనను ఏ దశలో గుర్తుపడుతున్నారు, ఈడ్చేటప్పుడా, పడ్డాకా? మీ మనిషి అడిగినప్పుడు నిజం వెంటనే చెబుతున్నారా, సర్ది చెబుతున్నారా? దాచిపెట్టేది తగ్గిందా?

తర్వాత గలతీయులకు 5:22, 23 తెరవండి. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. వీటిలో మీకు మీరే మార్కులు వేసుకోవద్దు. మీతో ఒకే గదిలో ఉండేవాళ్లను అడగండి, పెళ్లయితే ఇంట్లో అడగండి: "ఈ నెలన్నరలో నాలో ఏమైనా తేడా కనిపించిందా?" ఆ మారతహళ్లి తమ్ముడి రూమ్మేట్ విశ్వాసి కాదు. అడిగితే, "ముందు ఫోన్ పక్కన పెట్టి నాతో మాట్లాడేవాడు కాదు, ఇప్పుడు రాత్రి కలిసి తింటున్నాం" అన్నాడట. అది విని ఆ అబ్బాయి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను.

తేడా ఏమీ కనిపించకపోతే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి. నేను చూసినంతలో, ఆగిపోయేది ఎప్పుడూ అక్కడే. తేడా కనిపిస్తే, కొత్త పేజీ తిప్పి, వరసలో రెండో శోధన పేరు రాయండి. ఈసారి కూడా ఉన్నది ఉన్నట్టే.